యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్... వరండా దాటి వినబడే ఆ పాట

మధ్యాహ్నం అన్నాల బెల్లు అయ్యాక, పెంకులు వేడెక్కి క్లాసంతా కునికిపాట్లు పడే వేళ, మన వైపు ఏ హైస్కూలు పక్కనుంచి నడిచినా ఇంగ్లీషు హెల్పింగ్ వెర్బుల పాట, అంటే అసలు క్రియకి సాయానికి వచ్చే క్రియల పాట, ఒకటి వినబడేది. "యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్... హ్యావ్, హ్యాజ్, హ్యాడ్... డూ, డజ్, డిడ్..." ఆమదాలవలసైనా, చీపురుపల్లైనా, సోంపేటైనా రాగం ఒకటే. తప్పెటగుళ్ళలో ముందువాడు పాడితే దళం అందుకున్నట్టు, ఒకడు లేచి చెప్పేవాడు, వెనక నలభై గొంతులు అందుకునేవి.

ఎదురుగా బొగ్గూ దొండాకు పసరూ కలిపి రుద్దిన నల్లబల్ల. దాని మీద మూడు గళ్ళు: ప్రెజెంటు, పాస్టు, పాస్ట్ పార్టిసిపులు. గో, వెంట్, గాన్. ఈట్, ఏట్, ఈటెన్. కట్, కట్, కట్ దగ్గరకొచ్చేసరికి క్లాసంతా నవ్వు. ఆరో తరగతికి వచ్చాకే ఏబీసీడీలు దిద్దిన తరానికి ఇంగ్లీషంటే ఈ పట్టికే. ఎక్కాల్లాగే అదీ నిద్రలో లేపి అడిగినా వచ్చేది. కానీ "మీ నాన్న ఏం చేస్తున్నాడు" అన్నది ఇంగ్లీషులో అడగమంటే "వాట్ యువర్ ఫాదర్ డూయింగ్" దగ్గర ఆగిపోయేవారు. యామ్, ఈజ్, ఆర్ వందసార్లు పాడిన నోటికి అక్కడ ఒక్క 'ఈజ్' దొరికేది కాదు. పాటలో పేర్లు ఉన్నాయి గానీ, వాటిలో ఇంటి మనిషి ఎవరో, సాయానికి వచ్చిన మనిషి ఎవరో లేదు.

ముందు ఆ పేర్ల లెక్క చూద్దాం. బీ ఇంటివాళ్ళు ఎనిమిది మంది: బీ, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీయింగ్, బీన్. హ్యావ్ ఇంట ముగ్గురు, డూ ఇంట ముగ్గురు. వీలు, సలహా, తప్పనిసరి లాంటివి చెప్పే మోడల్స్ తొమ్మిది: కెన్, కుడ్, మే, మైట్, విల్, వుడ్, షల్, షుడ్, మస్ట్. మొత్తం 23. 'ఆట్ టు'ని చేర్చి 24 అని రాయించిన మాస్టార్లు ఉన్నారు. నీడ్, డేర్, యూజ్డ్ టు కలిపి ఇంకా పెంచినవారూ ఉన్నారు. ఆ అంకె మీద మార్కులు పెట్టడం దండగ. డన్, డూయింగ్ ఈ లెక్కలో ఎందుకు లేవని అడిగితే "అవి ఎప్పుడూ సొంత పనే చేసుకుంటాయి, సాయానికి వెళ్ళవు" అని చెప్పిన పిల్లకే పాఠం వచ్చినట్టు.

సాయం అన్న మాట ఊడ్పులు చూసిన పిల్లలకి కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్న తన మడిలో నాటుకున్న మనిషే మధ్యాహ్నం పక్కవాళ్ళ మడిలో సాయానికి దిగుతుంది. మనిషి మారలేదు, మడి మారింది. హ్యావ్ సంగతి ఇదే. "ఐ హ్యావ్ ఎ కౌ" అంటే సొంత మడి: నాకు ఆవు ఉంది. "ఐ హ్యావ్ మిల్క్‌డ్ ద కౌ" అంటే పక్కవాళ్ళ మడి: పని పాలు పితకడానిది, హ్యావ్ సాయానికి వచ్చింది. డూ కూడా అంతే. "ఐ డూ మై హోమ్‌వర్క్"లో ఆసామి, "డూ యు నో?"లో సాయానికి వచ్చినవాడు. పట్టిక పాడించి వదిలేసిన చోట పిల్లలు హ్యావ్ కనబడగానే 'హెల్పింగ్ వెర్బు' అని గీత గీసేస్తారు. వాక్యంలో ఇంకో క్రియ ఉందో లేదో వెతికి చూసి, లేకపోతే హ్యావే ఆసామి అని తేల్చడం మొదట నేర్పాలి. ఈ ఒక్క మెట్టు దాటిస్తే సగం తప్పులు పోతాయి.

విచిత్రం ఏమిటంటే మన మాటలోనే ఇదంతా ఉంది. "విత్తనాలేసినాను" అన్నప్పుడు 'వేయడం' సొంత పని. "అన్నం తినీసినాను" అన్నప్పుడు అదే 'వేయడం' తినడానికి తోడొచ్చింది. అన్నం ఎక్కడా వేయలేదు, తినడం పూర్తయిందని మాత్రం చెప్పింది. శ్రీకాకుళం పిల్లాడు రోజుకి ఎన్నిసార్లు "రాసీసినాను, వచ్చీసినాడు, ఒగ్గీసినారు" అంటాడో లెక్క లేదు. "ఎల్తన్నాను"ని నెమ్మదిగా సాగదీసి పలికిస్తే "వెళ్తూ... ఉన్నాను" అని రెండుగా విడిపోతుంది. అదిగో ఆ 'ఉన్నాను'కి ఇంగ్లీషులో 'యామ్' అని చూపిస్తే, యామ్ ఎందుకు పెట్టాలో మళ్ళీ అడగరు. పాత రోజుల్లో మాత్రం "ఎల్తన్నాను అనకూడదురా, వెళ్ళుచున్నాను అను" అని దిద్దేవారు. వెళ్ళుచున్నాను కూడా తప్పేం కాదు, విడదీయడానికి అదీ పనికొస్తుంది. కాకపోతే పిల్లాడికి అది ఇంకో పరాయి భాష. రెండు పరాయి భాషల మధ్య వంతెన ఎవడు కడతాడు?

ఈ నేల మీద ఈ మాట కొత్తది కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూ, జనం నోట ఉన్న భాషే బడిలోకి రావాలని పట్టుబట్టాడు. విజయనగరంలో గురజాడ, విశాఖలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ ఆయనకు తోడు నిలిచారు. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే వాచకాలు రాసిన మనిషి ఆయన. సవర భాషకి ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఆయన బొమ్మకి దండ వేసి, మర్నాడు ఇంగ్లీషు పీరియడులో "ఎల్తన్నాను అనకురా" అనడం మనకే చెల్లింది. సవరలు ఉండే సీతంపేట వైపు బడుల్లో అయితే ముందు సవరలో అడిగించి, తరవాతే తెలుగు, ఆ తరవాత ఇంగ్లీషు రావాలి.

తెలుగుకీ ఇంగ్లీషుకీ ఉన్న అసలు తేడా సాయగాడు ఎక్కడ నిలబడతాడన్నదే. నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్ళే చిన్న రైలు గుర్తున్నవాళ్ళకి ఇది సులువుగా అందుతుంది. తెలుగు వాక్యానికి గుర్తులన్నీ ఆఖరి పెట్టెలో, గార్డు దగ్గర ఉంటాయి. వెళ్తున్నాను, వెళ్తున్నావు, వెళ్తున్నాడు: ఎవరు, ఎప్పుడు అన్నవి తోకలోనే. ఇంగ్లీషు రైలుకి అన్నీ ఇంజను మీద ఉంటాయి. ఐ యామ్ గోయింగ్, యు ఆర్ గోయింగ్, హి వాజ్ గోయింగ్: గోయింగ్ కదల్లేదు, ముందున్న ఇంజనే మారింది. ఎన్ని పెట్టెలు తగిలించినా కాలం ఇంజనుదే. "షి హ్యాజ్ బీన్ సింగింగ్"ని "షి హ్యాడ్ బీన్ సింగింగ్" చేయాలంటే మొదటిది మారిస్తే చాలు.

ఇక పెట్టెల కొక్కేలు. ఏ సాయగాడి వెనక క్రియ ఏ రూపంలో తగలాలో నాలుగే నాలుగు కొక్కేలు. మోడల్ వెనక మొదటి రూపం: కెన్ గో. డూ, డజ్, డిడ్ వెనకా మొదటి రూపమే: డిడ్ గో. హ్యావ్ వెనక మూడో రూపం: హ్యావ్ గాన్. బీ వెనక ఇంగ్ రూపం, ఈజ్ గోయింగ్. లేదా మూడో రూపం, ఈజ్ ఈటెన్. అంతే. రెండో రూపానికి, అంటే వెంట్, ఏట్, స్యాంగ్ వగైరాలకి, కొక్కెమే లేదు. వెంట్ ఒంటరిగానే పోతుంది, దాని ముందు ఎవరినీ పెట్టకూడదు. "డిడ్ వెంట్", "హ్యావ్ వెంట్", "వాజ్ వెంట్" మూడూ ఒక్క దెబ్బకి పోవాలంటే ఈ మాటే పదిసార్లు చెప్పాలి. పాత పట్టికలో గో, వెంట్, గాన్ పక్కపక్కనే నిలబడేవి గానీ మధ్యదానికి తోడు పనికిరాదని ఏ గడిలోనూ రాసి ఉండేది కాదు. సాయగాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తే వరస మోడల్, హ్యావ్, బీ. ఒక్కోటి తన వెనకదాని రూపాన్ని తేలుస్తుంది. "మే హ్యావ్ బీన్ స్లీపింగ్": మే వల్ల హ్యావ్ మొదటి రూపంలో ఉంది, హ్యావ్ వల్ల బీ కాస్తా బీన్ అయింది, బీన్ వల్ల స్లీప్‌కి ఇంగ్ వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని పొడుపుకథలా విప్పుతారు.

ప్రశ్న, కాదనడం. తెలుగులో 'వస్తాడు'కి దీర్ఘం తగిలిస్తే 'వస్తాడా' అయిపోతుంది. ఏ మాటా చోటు మారదు. అందుకే మనవాళ్ళు "వేర్ యు ఆర్ గోయింగ్?" అంటారు. గొంతులో ప్రశ్న ఉంది, వాక్యంలో లేదు. ఇంగ్లీషులో ఇంజనూ కర్తా చోట్లు మార్చుకోవాలి: యు ఆర్, ఆర్ యు. కాదనాలంటే ఇంజను వెనకే నాట్. మరి ఇంజనే కనబడని వాక్యం? "షి సెల్స్ ఫిష్." అక్కడే డూ పరిగెత్తుకొస్తుంది. వచ్చినవాడు ఊరికే రాడు, సెల్స్ మీద ఉన్న ఎస్‌ని తన మీద వేసుకుంటాడు: "డజ్ షి సెల్ ఫిష్?" కావిడి ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మారితే మొదటి భుజం ఖాళీ అవుతుంది కదా. "డజ్ షి సెల్స్" అన్నవాడు రెండు భుజాల మీదా కావిడి ఉందంటున్నాడు. డిడ్ వచ్చినా అదే లెక్క, గడిచిన కాలం బరువు డిడ్ మోస్తోంది కాబట్టి వెంట్ మళ్ళీ గో అయిపోతుంది.

రెండు మినహాయింపులు ఇక్కడే చెప్పేయాలి, దాచి పెడితే తరవాత పిల్లలే పట్టుకుంటారు. "హి ఈజ్ ఎ టీచర్"లో ఈజ్ ఆసామే, అయినా ప్రశ్నకి తానే ముందుకి నడుస్తుంది, డూని పిలవదు. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. తెలుగులో "ఆయన మాస్టారు" అంటే వాక్యం అయిపోయింది, క్రియే లేదు. దాని వల్లే "హి టీచర్" అని రాస్తారు. లేనిదాన్ని గుర్తు పెట్టుకోవడం కష్టం, అందుకే ఈ తప్పు పదో తరగతి దాకా పోదు. రెండోది, "హూ టుక్ మై స్లేట్?" లాంటి ప్రశ్న. హూ తానే కర్త, చోటు మారడానికి ఇంకెవరూ లేరు, డిడ్ అక్కర్లేదు.

పాత వాచకాల్లో "హ్యావ్ యు ఎ పెన్?" అని ఉండేది. ఇప్పటి పుస్తకాల్లో "డూ యు హ్యావ్ ఎ పెన్?" పాతది తప్పు కాదు, బ్రిటిష్ వాళ్ళ పాత వాడుక. ఐ, వి పక్కన షల్, మిగతావాళ్ళ పక్కన విల్ అని బెత్తం పట్టుకుని నేర్పిన నియమం కూడా ఇప్పుడు సడలిపోయింది. తాత చదివిన పుస్తకంలో ఒకలా, మనవడి పుస్తకంలో ఒకలా ఉంటే ఇంట్లో పేచీ రావడం మామూలే. ఇద్దరిదీ రైటే.

నల్లబల్ల మీద ఎంత రాసినా ఈ చోట్లు మారే సంగతి కళ్ళకి కట్టదు. చీటీలు కావాలి. పెళ్ళిళ్ళు అయిపోయాక ఇళ్ళల్లో పడుండే శుభలేఖల వెనక తెల్లటి వైపు దీనికి సరిగ్గా సరిపోతుంది. ఒక శుభలేఖ నాలుగు చీటీలు. ఒక జట్టుకి 36 చీటీలు, అంటే తొమ్మిది శుభలేఖలు. కర్తలు ఆరు: ఐ, యు, హి, షి, వి, దే. సాయగాళ్ళు పదకొండు, ఎర్ర సిరాతో: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, హ్యావ్, హ్యాజ్, డూ, డజ్, డిడ్, కెన్. నాట్ ఒకటి. అసలు క్రియలు నాలుగు, ఒక్కోటి నాలుగు రూపాల్లో, నీలం సిరాతో: మొత్తం పదహారు. ప్రశ్న గుర్తు, ఫుల్‌స్టాపు. ఇవి కాక వేలి గోరంత ఎస్ చీటీ ఒకటి. నాలుగు క్రియలకి గో, ఈట్, రైట్, సింగ్ తీసుకోవాలి. వీటి రూపాలు నాలుగూ వేరువేరుగా ఉంటాయి. కట్, పుట్ తీసుకుంటే ఏ రూపం పెట్టారో తెలియక తప్పు దాక్కుంటుంది. ఐదుగురికో జట్టు. నలభై మంది క్లాసుకి 72 శుభలేఖలు. మాఘమాసం తరవాత ఊళ్ళో అడిగితే ఇంతకు రెట్టింపు వస్తాయి.

మొదటి పీరియడు సాయగాళ్ళ ఊసే వద్దు. లేవండి, కూర్చోండి, రాయండి, పాడండి: చెప్పింది చేయించడమే. రెండో రోజు ఒక పిల్లని రాస్తూ ఉండమని, "ఏం చేస్తోంది?" అని అడిగి, ఈజ్ చీటీ చేతికివ్వడం. మూడో రోజు చోట్లు మార్చడం: చీటీలు పట్టుకుని నలుగురు వరసగా నిలబడితే, ప్రశ్న అనగానే మొదటి ఇద్దరూ మారిపోవాలి. నాలుగో రోజు ఇంజను లేని వాక్యం, డజ్ రాక, ఎస్ చీటీ చేతులు మారడం. ఐదో రోజు హ్యావ్. ఒకే రోజు ప్రశ్న, కాదనడం, హ్యావ్ అన్నీ చెప్పేస్తే ఏమవుతుందో పాత నోటుపుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది. "ఐ యామ్ గో" అన్న వాక్యం ప్రతి పేజీలో ఉంటుంది. యామ్, ఈజ్, ఆర్ మొదట పాడించి వదిలేయడం వల్ల పిల్లలకి 'ఐ' అనగానే 'యామ్' దానికి అంటుకుపోయిన తోకలా వచ్చేస్తుంది. దాన్ని ఊడదీయడానికి ఆరునెలలు.

హ్యావ్ చెప్పేటప్పుడు, పని పూర్తయిందని చెప్పే మన 'తినీసినాను' బాగా పనికొస్తుంది, కానీ దానికో హద్దు ఉంది. "నిన్ననే చూసీసినాను" తెలుగులో బాగానే ఉంది. "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" ఇంగ్లీషులో చెల్లదు. నిన్న, మొన్న, పోయిన అక్టోబరులో అని గడిచిపోయిన కాలం చెబితే హ్యావ్ తప్పుకోవాలి, ఐ సా హిమ్ యెస్టర్‌డే. దీనికి టెక్కలి దగ్గర తేలినీలాపురం కొంగల్ని మించిన ఉదాహరణ లేదు. "ద బర్డ్స్ హ్యావ్ కమ్" అంటే వచ్చాయి, ఇప్పుడు చెట్ల మీదే ఉన్నాయి, వెళ్తే కనబడతాయి. "ద బర్డ్స్ కేమ్ ఇన్ అక్టోబర్" అంటే వచ్చిన నెల చెప్పాం, ఇప్పుడు ఉన్నాయో లేదో ఆ మాటలో లేదు.

బీ వెనక మూడో రూపం, అదే పాసివ్ వాయిస్, ఎన్నో ఏళ్ళు మన పిల్లల్ని ఏడిపించింది. కారణం ఇంగ్లీషు కాదు, దానికి రాయించిన తెలుగు. "ఖద్దరు పొందూరులో నేయబడుచున్నది." ఇలా ఎవరు మాట్లాడతారు? "పొందూరులో ఖద్దరు నేస్తారు" అంటాం. నేసేది ఎవరో చెప్పనక్కర్లేని ఆ 'నేస్తారు'కే ఇంగ్లీషులో "ఖాదీ ఈజ్ వోవెన్ ఇన్ పొందూరు". "బొబ్బిలిలో వీణలు పనస కర్రతో చేస్తారు": వీణాస్ ఆర్ మేడ్ ఆఫ్ జాక్‌వుడ్ ఇన్ బొబ్బిలి. '-బడు'ని మరిచిపోనిస్తే ఈ పాఠం రెండు పీరియడ్లకి మించదు.

మోడల్స్‌కి తుపాను కబుర్లు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడిమామిడి తోటలూ కొబ్బరి తోటలూ ఏమయ్యాయో ఈ జిల్లా పిల్లలకి ఇంట్లో వింటూనే తెలుసు. "తుపాను రావచ్చు": మే కమ్. "వస్తుంది": విల్ కమ్. "ఇల్లు ఖాళీ చేయాలి": మస్ట్ లీవ్. మన 'చేయాలి' ఒక్కటే షుడ్‌కీ మస్ట్‌కీ సరిపోతుంది, అందుకే ఏది పెట్టాలో తేలదు. చేస్తే మంచిదని సలహా ఇస్తే షుడ్, చేయక తప్పదంటే మస్ట్. ఆ తొమ్మిది మోడల్స్‌కి ఎస్ తగలదు, వెనక టు రాదు. "హి కెన్స్", "మస్ట్ టు గో" రెండూ వినబడగానే ఆపాలి. చెవికి సంబంధించిన తంటా ఇంకొకటి. విల్ నాట్‌ని కుదిస్తే వోంట్. కావాలి అంటే వాంట్. మనవాళ్ళు రెండింటినీ ఒకేలా పలికి "ఐ వోంట్ కాఫీ" అంటే, ఇంగ్లీషు వచ్చిన చుట్టం ఇచ్చే కాఫీ కాస్తా లోపలికి తీసుకుపోతాడు.

'కదా' కూడా అంతే. తెలుగులో ఏ వాక్యానికైనా ఒకే కదా. ఇంగ్లీషులో ఇంజను ఏదైతే కదా అదే: యు విల్ కమ్, వోంట్ యు? షి సెల్స్ ఫిష్, డజంట్ షి? అన్నిటికీ "ఈజంటిట్" పెట్టడం మన దేశమంతా ఉన్న అలవాటు, ఒక్క ఉత్తరాంధ్ర తప్పు కాదు.

ఆఖరున యూజ్డ్ టు. పాత పట్టికల్లో దీన్ని అడుగున ఎక్కడో చిన్నగా రాసేవారు. పైన ఎన్నిసార్లు వచ్చిందో చూడండి: వినబడేది, అందుకునేవి, ఆగిపోయేవారు, రాసేవారు. ఈ 'ఏది, ఏవి, ఏవారు' అంతా ఇంగ్లీషులో యూజ్డ్ టు. ఒకప్పుడు మామూలుగా జరిగేది, ఇప్పుడు లేదు. "ద లిటిల్ ట్రైన్ యూజ్డ్ టు రన్ ఆన్ ద నారో గేజ్ లైన్." రైలు ఇప్పుడూ తిరుగుతోంది, ఆ సన్న పట్టాలు లేవు, కాబట్టి వాక్యం సరిపోయింది. దీని వెనక మొదటి రూపమే: యూజ్డ్ టు రన్. ప్రశ్న అడిగితే డిడ్ వస్తుంది, కావిడి భుజం మారుతుంది, యూజ్డ్‌లోని ఆఖరి డి పడిపోతుంది: "డిడ్ ఇట్ యూజ్ టు స్టాప్ ఎట్ టెక్కలి?" పలకడంలో తేడా తెలియదు; రాసేటప్పుడు ఆ డి తీయించడం మర్చిపోకూడదు.